పోర్ట్ స్కాన్: బయటి పదివేల కంటే లోపలి ఒక్కటి

పబ్లిక్ ఐపీ ఉన్న కొత్త సర్వర్‌ని ఇంటర్నెట్‌కి తగిలించి, ఫైర్‌వాల్ లాగ్ తెరిచి కూర్చోండి. ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేదు. ఒక ప్యాకెట్ 23వ పోర్ట్‌కి (పోర్ట్ అంటే యంత్రంలో ఒక్కో సేవకి ఉండే అంకెల తలుపు) వస్తుంది, ఒకటి 22కి, ఇంకోటి 3389కి, మరోటి 6379కి. ఆ సర్వర్‌కి డీఎన్‌ఎస్‌లో పేరైనా ఎక్కి ఉండదు, దాని సంగతి మీకు తప్ప ఎవరికీ తెలియదు, అయినా వస్తాయి. ఏ తలుపు తెరిచి ఉందో ఇలా తట్టి చూడటమే పోర్ట్ స్కాన్. పంపేవాడికి మీరెవరో తెలియాల్సిన పనే లేదు మరి. ఐపీవీ4 అడ్రసులు అన్నీ కలిపి 430 కోట్ల లోపే. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విడుదల చేసిన స్కానర్ జీమ్యాప్, ఒక్క మామూలు కంప్యూటర్, ఒక్క గిగాబిట్ లైను ఉంటే ఆ మొత్తాన్నీ ఒక పోర్ట్ మీద 45 నిమిషాల్లోపు తట్టి రావచ్చని చూపించింది. అదే ఏడాది అలాంటిదే మాస్‌స్కాన్ వచ్చింది. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న పోర్టులని వెతికి జాబితా పెట్టే షోడాన్ 2009 నుంచీ, సెన్సిస్ 2015 నుంచీ అదే పనిమీద ఉన్నాయి. వీటికి తోడు, 2016లో కెమెరాలు, రౌటర్ల లాంటి వాటిని పట్టే మాల్వేర్ మిరాయ్ సోర్స్ కోడ్ బయటపడ్డాక పుట్టుకొచ్చిన దాని పిల్లలు, మనవలు.

అందుకే "ఈ వారం మీ నెట్‌వర్క్ మీద ఇన్ని వేల స్కాన్‌లు ఆపాం" అని ఎర్రరంగు గ్రాఫులతో నివేదిక ఇచ్చే సాఫ్ట్‌వేర్ మీద నాకు గౌరవం లేదు. అది వానలో ఎన్ని చినుకులు పడ్డాయో లెక్క చెబుతోంది. కప్పు ఎక్కడ కారుతోందో దానికి తెలియదు. స్కాన్‌ని గుర్తించడం కష్టమైన పని కానేకాదు. ఏ స్కాన్‌ని అనుమానించాలో తేల్చుకోవడమే కష్టం. దానికి చూడాల్సినవి మూడు: ప్యాకెట్ ఎటునుంచి ఎటు వెళ్ళింది, మన వైపు నుంచి ఏం బదులు పోయింది, ఆ తర్వాత ఏం జరిగింది. ఎన్ని వచ్చాయన్న సంఖ్య నా లెక్కలో ఈ మూడింటి తర్వాతే.

బదులులోనే ఉంది కిటుకు

టీసీపీలో సంభాషణ మొదలుపెట్టేవాడు సిన్ ప్యాకెట్ పంపుతాడు. పోర్ట్ తెరిచి ఉంటే సిన్-యాక్ వస్తుంది, మూసి ఉంటే రీసెట్ వస్తుంది, మధ్యలో ఫైర్‌వాల్ మింగేస్తే ఏమీ రాదు. ఇది 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793లో ఉన్న నడవడి, 2022లో దాని స్థానంలో వచ్చిన 9293లోనూ మారలేదు. స్కానర్ చేసేదల్లా 0 నుంచి 65,535 దాకా ఉన్న పోర్టుల్లో తనకి కావలసినవాటికి సిన్ పంపి, ఈ మూడు బదుళ్ళలో ఏది వచ్చిందో రాసుకోవడం.

అందరికీ తెలిసిన స్కానర్ ఎన్‌మ్యాప్‌ని అడ్మిన్ హక్కులతో నడిపితే సిన్-యాక్ రాగానే పని అయిపోతుంది. ఆ కనెక్షన్ సంగతి స్కాన్ చేసే యంత్రం కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) తెలియదు కనుక, ఈ అడగని సిన్-యాక్ ఏమిటని అది రీసెట్ కొడుతుంది. ఇవతలి సర్వర్ ప్రోగ్రాం ఎదురుచూస్తున్న యాక్సెప్ట్ దాకా ఆ కనెక్షన్ చేరనే చేరదు. అంటే మీ వెబ్ సర్వర్ లాగ్‌లో, ఎస్‌ఎస్‌హెచ్ లాగ్‌లో, డేటాబేస్ లాగ్‌లో ఒక్క పంక్తి కూడా పడదు. అప్లికేషన్ లాగ్‌లు చదివి పనిచేసే ఫెయిల్2బ్యాన్ లాంటివి సిన్ స్కాన్‌ని పట్టలేకపోవడానికి కారణం ఇదే. అవి పాస్‌వర్డ్ ఊహించేవాణ్ణి పట్టడానికి పుట్టాయి, ఆ పని బాగానే చేస్తాయి.

హక్కుల్లేకుండా నడిపే కనెక్ట్ స్కాన్ వేరు. అది సిన్, సిన్-యాక్, యాక్ అనే మూడడుగుల పలకరింపు పూర్తిచేసి, ఒక్క బైటైనా పంపకుండా మూసేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగ్‌లో గుర్తింపు పంక్తి రాకుండానే అవతలివాడు మూసేశాడని రాసుకునేది ఇలాంటప్పుడే. అదొక్కటే కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. అదే సెకనులో వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్, డేటాబేస్ లాగ్‌లలో కూడా అదే అడ్రస్ నుంచి ఖాళీ కనెక్షన్లు ఉంటే అది స్కానే. ఇలా పోల్చడానికి అన్ని యంత్రాల గడియారాలూ ఎన్‌టీపీతో (గడియారాలు కలిపే ప్రోటోకాల్‌తో) సరిపోయి ఉండాలి. ఒకటి యూటీసీలో, ఒకటి స్థానిక కాలమానంలో రాస్తుంటే మీకు నాలుగు వేర్వేరు సంఘటనలు కనిపిస్తాయి.

ఫిన్, నల్, క్రిస్మస్ స్కాన్‌ల గురించి పాఠ్యపుస్తకాల్లో చాలా ఉంటుంది. సంభాషణే లేకుండా, ముగింపు చెప్పే ఫిన్ జెండా (ప్యాకెట్ తలలో ఉండే గుర్తు) ఒక్కటే ఉన్న ప్యాకెట్, అసలు జెండాల్లేని ప్యాకెట్, ఫిన్-పుష్-అర్జెంట్ మూడూ కలిపి ఎత్తిన ప్యాకెట్. ఇవి సహజంగా పుట్టవు. విండోస్ వీటికి పోర్ట్ తెరిచి ఉన్నా మూసి ఉన్నా రీసెట్టే ఇస్తుంది కనుక స్కాన్ చేసేవాడికి అక్కడ దక్కేది తక్కువ. కనెక్షన్ స్థితిని గుర్తుపెట్టుకునే ఫైర్‌వాల్ ఉన్నచోట ఇవి మొదటి గుమ్మంలోనే పోతాయి. కనిపిస్తే గమనించండి, వీటికోసం ప్రత్యేకంగా రాత్రిళ్ళు మేలుకోనక్కర్లేదు.

పలకరింపు లేకుండా నేరుగా ప్యాకెట్ పంపే యూడీపీ మీద స్కాన్ నెమ్మదిగా సాగుతుంది. మూసి ఉన్న యూడీపీ పోర్ట్ "ఇక్కడ ఎవరూ లేరు" అనే ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 3 బదులిస్తుంది. లినక్స్ ఆ బదుళ్ళకి కళ్ళెం వేస్తుంది. సెకనుకి ఒక్కటే ఇచ్చే యంత్రం మీద 65,536 పోర్టులూ తట్టాలంటే 18 గంటలు దాటుతుంది. అందుకని యూడీపీ స్కానర్లు 53, 123, 161, 1900, 5060 లాంటి పది పదిహేను పోర్టులకే ఆయా ప్రోటోకాల్‌కి తగిన ప్రశ్న పంపి చూస్తాయి.

ఎక్కడ చూడాలి

అన్నిటికంటే చవకైన సాక్ష్యం చాలామంది మరిచిపోయేది: కెర్నెల్ లెక్కలు. లినక్స్‌లో ఎన్‌స్టాట్ కమాండ్ ఇచ్చే జాబితాలో బయటికి పంపిన రీసెట్‌ల సంఖ్య ఉంటుంది, ఎవరూ వినని యూడీపీ పోర్టులకి వచ్చిన ప్యాకెట్ల సంఖ్య కూడా ఉంటుంది. ఫైర్‌వాల్ లేని యంత్రం మీద ఎన్‌మ్యాప్ మామూలు స్కాన్ పడితే, అది తట్టే 1,000 పోర్టుల్లో మూసినవన్నిటికీ రీసెట్ పోతుంది. ఆ లెక్క ఒక్క నిమిషంలో వందల్లో ఎగబాకుతుంది. ఏ లాగింగూ పెట్టకుండానే ఐదు నిమిషాలకోసారి ఈ రెండు అంకెలు రాసుకుంటే స్కాన్ ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. ఎవరు చేశారో తెలియదు. ఫైర్‌వాల్ ముందే మింగేస్తే ఈ లెక్క కదలదు.

ఎవరో తెలియాలంటే ప్యాకెట్లని పట్టి చూపించే టీసీపీడంప్. సిన్ జెండా ఉండి యాక్ జెండా లేని ప్యాకెట్లని మాత్రమే పట్టేలా ఫిల్టర్ పెట్టండి. రద్దీగా ఉన్న సర్వర్ మీద కూడా అది మోయలేనంత ఉండదు, కనెక్షన్‌కి ఒక్క ప్యాకెట్టే కదా. పేర్లు వెతకకుండా ఆపే ఎన్ ఐచ్ఛికం మరవకండి. లేకపోతే ప్రతి అడ్రస్‌కీ టీసీపీడంప్ రివర్స్ డీఎన్‌ఎస్ అడుగుతుంది. అది మీ పనిని నెమ్మదింపజేయడమే కాక, తన అడ్రస్ బ్లాకుకి తానే నేమ్‌సర్వర్ నడిపే స్కానర్‌కి ఇక్కడ ఎవరో గమనిస్తున్నారని చెప్పేస్తుంది.

ఫైర్‌వాల్ లాగ్‌ల దగ్గర ఒక గోతి ఉంది. ప్రతి డ్రాప్‌నీ రాస్తే డిస్కు నిండుతుందని అందరూ వేగ పరిమితి పెడతారు. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ తయారుగా ఇచ్చే నియమాల్లో అది నిమిషానికి 3 పంక్తులు, మొదట్లో ఒక్కసారిగా 10 దాకా. పరిమితి మంచిదే. కానీ ఆ లాగ్‌ని లెక్కపెట్టి "ఈ గంటలో 180 ప్రయత్నాలే, అంతా ప్రశాంతం" అనుకోవడం పొరపాటు. ఆ 180 మీ పరిమితి, వాళ్ళ ప్రయత్నాల సంఖ్య అందులో లేదు. గంట గంటకీ అదే అంకె వస్తోందంటే పరిమితి నిండిపోతోందని అర్థం. లాగ్ నియమానికి పైన పరిమితి లేని కౌంటర్ ఒకటి పెట్టుకోవాలి. లినక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో అది ఒక్క పదం రాస్తే అయ్యే పని. అసలు సంఖ్య అక్కడ, నమూనా లాగ్‌లో.

విండోస్‌లో ఫైర్‌వాల్ డ్రాప్ చేసిన ప్యాకెట్ల నమోదు మీరు తెరిచేదాకా ఆపే ఉంటుంది. తెరిచాక సిస్టమ్32 కింద లాగ్‌ఫైల్స్ ఫోల్డర్‌లో పీఫైర్‌వాల్ అనే ఫైలులోకి వెళ్తుంది. దాని గరిష్ఠ పరిమాణం మొదట 4,096 కేబీ, కాస్త గట్టి స్కాన్ పడితే చాలు, నిండి పాత పంక్తులు పోతాయి. 32,767 కేబీ దాకా పెంచుకోవచ్చు, పెంచండి. సెక్యూరిటీ లాగ్‌లో 5152 ఆపేసిన ప్యాకెట్, 5157 ఆపేసిన కనెక్షన్, 5156 అనుమతించిన కనెక్షన్. వీటిలో 5156 ఏ ప్రోగ్రాం చేసిందో కూడా చెబుతుంది, తర్వాత చెప్పబోయే విషయానికి అది బంగారం. అయితే మూడూ ఎప్పుడూ తెరిచి ఉంచితే లాగ్ వరదలో మిగతావి కొట్టుకుపోతాయి.

నెట్‌ఫ్లో (రౌటర్ ఇచ్చే ప్రవాహాల సారాంశం) మీద ఆధారపడేవాళ్ళకి ఒక మాట. వెయ్యి ప్యాకెట్లకి ఒకటి చొప్పున నమూనా తీసే రౌటర్‌లో, ఒక్కో పోర్ట్‌కి ఒక్కో ప్యాకెట్ పంపే స్కాన్ దాదాపు కనిపించదు. నమూనా పద్ధతి పెద్ద ప్రవాహాలని చూడటానికి సరిపోతుంది. స్కాన్ అనేది అతిచిన్న ప్రవాహాల గుంపు.

మనిషా, యంత్రమా, భ్రమా

ఒక సిన్ ప్యాకెట్‌ని చూసి పంపినవాడి గురించి చాలా చెప్పవచ్చు. నిజమైన లినక్స్ లేదా విండోస్ క్లయింట్ సిన్‌లో ఎంఎస్ఎస్, విండో స్కేల్, సెలెక్టివ్ యాక్ లాంటి ఐచ్ఛికాలు వరసగా ఉంటాయి. ఎన్‌మ్యాప్ సిన్ స్కాన్‌లో ఎంఎస్ఎస్ ఒక్కటే, విండో 1024. పాత జీమ్యాప్‌లో ఐపీ గుర్తింపు సంఖ్య ఎప్పుడూ 54321. మిరాయ్ సంతతిలో టీసీపీ సీక్వెన్స్ నంబరే గమ్యం ఐపీ అడ్రస్. అది కనిపిస్తే అవతల ఉన్నది మీమీద కన్నేసిన మనిషి కాదు, ఎక్కడో పాస్‌వర్డ్ మార్చని కెమెరా. ఈ గుర్తులు మార్చుకోలేనివేమీ కావు. ఉంటే తేల్చేయవచ్చు, లేకపోతే ఏమీ తేలదు.

వీటికంటే నేను నమ్మేది మళ్ళీ ప్రయత్నించే తీరు. మామూలు ప్రోగ్రాం బదులు రాకపోతే సెకను తర్వాత అదే సోర్స్ పోర్ట్, అదే సీక్వెన్స్ నంబర్‌తో మళ్ళీ సిన్ పంపుతుంది, పోనుపోను ఎడం పెంచుతుంది. లినక్స్‌లో డిఫాల్ట్‌గా ఆరుసార్లు ప్రయత్నిస్తుంది. జీమ్యాప్ లాంటి స్థితి దాచుకోని స్కానర్ ఒక్కటి విసిరి వెళ్ళిపోతుంది. కాబట్టి డేటాబేస్ పోర్ట్ 5432కి ఒకే అడ్రస్ నుంచి పదే పదే సిన్ వస్తోందంటే, అదీ అదే సోర్స్ పోర్ట్ నుంచి అంటే, ముందు అనుమానించాల్సింది మీ పాత అప్లికేషన్ సర్వర్‌నే. డేటాబేస్‌ని వేరే యంత్రానికి మార్చారు, కాన్ఫిగరేషన్ మార్చడం మరిచారు.

స్కాన్‌లా కనిపించి కాకుండా పోయేవాటిలో ఇది ఒకటే. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇంకోటి: లాగ్‌లో పేరున్న డీఎన్‌ఎస్ సర్వర్ అడ్రస్ నుంచి, సోర్స్ పోర్ట్ 53 నుంచి, మీ యంత్రంలో 41822, 50317, 38840 అంటూ చిత్రమైన పోర్టులకి యూడీపీ ప్యాకెట్లు. ఇవి మీరు అడిగిన ప్రశ్నలకి ఆలస్యంగా వచ్చిన జవాబులు. లినక్స్ కనెక్షన్ ట్రాకింగ్ బదులు రాని యూడీపీని 30 సెకన్లే గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాత వచ్చిన జవాబుని ఫైర్‌వాల్ అపరిచితుడిగా చూస్తుంది. సోర్స్ పోర్ట్ 443 నుంచి ఫిన్, రీసెట్, యాక్ జెండాలతో వచ్చి ఆగిపోయేవీ అంతే, బ్రౌజర్ మూసేసిన కనెక్షన్ల తోకలు. లినక్స్ తాత్కాలిక పోర్టులు 32768 నుంచి 60999, విండోస్‌వి 49152 నుంచి 65535. గమ్యం పోర్ట్ ఆ పరిధిలో ఉండి, ప్యాకెట్‌లో ఒంటరి సిన్ లేకపోతే, స్కాన్ అనే ముందు ఆగండి. సోర్స్ పోర్ట్ 53 అని పెట్టుకుని వచ్చే అసలు స్కానర్లూ ఉన్నాయి, చేతగాని ఫైర్‌వాల్ నియమాలని దాటడానికి. కానీ వాళ్ళు తట్టేది 22నీ 445నీ 3389నీ.

అడగని సిన్-యాక్‌లు కుప్పలుగా వస్తుంటే, పంపిన యంత్రం దాడి చేస్తున్నది అనుకోవద్దు. చాలావరకు అదే దాడిలో ఉంది. ఎవరో మీ అడ్రస్‌ని దొంగ సోర్స్‌గా పెట్టి దానిమీద సిన్ వరద పారిస్తున్నారు, దాని జవాబులు మీకొచ్చి పడుతున్నాయి. అలాంటివారికి ఫిర్యాదు ఉత్తరం రాయడం కాలిపోతున్న ఇంటికి పొగ వస్తోందని నోటీసు ఇవ్వడమే.

గడువు, గీత, వాటి మోసం

చాలా పరికరాలు పనిచేసే సూత్రం ఇది: ఇన్ని నిమిషాల్లో ఇన్ని పోర్టులు తడితే గంట కొట్టు. ఐదు నిమిషాల్లో 25 అనుకుందాం. ఎన్‌మ్యాప్‌లో టీ1 అనే వేగం ఉంది, ఒక్కో ప్రయత్నానికి 15 సెకన్ల ఎడం. ఐదు నిమిషాలకి 20 పోర్టులు. గంట కొట్టదు. 1,000 పోర్టులు 4 గంటల 10 నిమిషాల్లో పూర్తి. టీ0లో ఎడం 5 నిమిషాలు, మీ ఐదు నిమిషాల కిటికీలో ఎప్పుడూ ఒక్క ప్యాకెట్టే కనిపిస్తుంది. వెయ్యి పోర్టులకి మూడున్నర రోజులు పడుతుంది, ఓపికున్నవాడికి అదేం ఎక్కువ కాదు. పైగా ఎన్‌మ్యాప్ పోర్టులని వరసలో తట్టదు, కలగాపులగం చేస్తుంది. 21, 22, 23, 24 అని వరస కోసం చూసే కన్నుకి ఏమీ కనబడదు.

సరే, గంట కొట్టే గీత దించుదాం, ఐదు నిమిషాల్లో 5 అందాం. ఇప్పుడు ఒకే నాట్ అడ్రస్ (చాలా యంత్రాలు పంచుకునే పబ్లిక్ అడ్రస్) వెనక ఉన్న ఆఫీసు మొత్తం మీకు స్కానర్ అవుతుంది. లోడ్ బ్యాలన్సర్ ఆరోగ్య పరీక్షలు స్కాన్ అవుతాయి. బిట్‌టొరెంట్ వాడిన పాత కిరాయిదారు ఐపీ మీకు వస్తే, అతన్ని వెతుక్కుంటూ వచ్చే తోటి యంత్రాలన్నీ స్కానర్లవుతాయి. రోజుకి రెండొందల అలర్ట్‌లు వచ్చే చోట రెండో వారం నుంచి ఎవరూ అలర్ట్ చదవరు.

2004లోనే దీనికి మెరుగైన ఆలోచన ఒకటి వచ్చింది. జేయన్ జంగ్, వెర్న్ పాక్సన్, ఆర్థర్ బెర్జర్, హరి బాలకృష్ణన్ రాసిన పరిశోధనా పత్రం ఎన్ని తట్టాడన్నదాన్ని వదిలి ఎన్ని విఫలమయ్యాయన్నది పట్టుకుంది. పనిమీద వచ్చినవాడికి ఎక్కడికెళ్ళాలో తెలుసు, అతని కనెక్షన్లలో ఎక్కువ సఫలమవుతాయి. స్కాన్ చేసేవాడికి తెలియదు, ఎక్కువ విఫలమవుతాయి. ప్రతి సఫలతకీ అనుమానం తగ్గిస్తూ, ప్రతి వైఫల్యానికీ పెంచుతూ పోతే నాలుగైదు ప్రయత్నాల్లోనే తేల్చవచ్చని వాళ్ళు చూపించారు. జీక్ (ట్రాఫిక్‌ని గమనించి లాగ్ రాసే ప్రోగ్రాం) నడిపేవాళ్ళ దగ్గర దీనికి ముడిసరుకు సిద్ధంగా ఉంది. కనెక్షన్ లాగ్‌లో ఎస్0 అంటే సిన్‌కి బదులే రాలేదని, ఆర్ఈజే అంటే రీసెట్ వచ్చిందని, ఎస్ఎఫ్ అంటే మామూలుగా జరిగి ముగిసిందని. ఒక్కో సోర్స్‌కి మొదటి రెండింటి సంఖ్యని మూడోదానితో పోల్చండి. కిటికీ ఐదు నిమిషాలు కాకుండా 24 గంటలు పెట్టండి, పక్కనే ఏడు రోజులదొకటి. ఎన్ని వేర్వేరు గమ్యాలు (అడ్రస్, పోర్ట్ జతలు) విఫలమయ్యాయో చూడండి, మొత్తం ప్యాకెట్లని కాదు. దారితప్పిన అప్లికేషన్ ఒక గమ్యాన్నే పదివేలసార్లు కొడుతుంది, దాని వేర్వేరు గమ్యాల లెక్క ఒకటే. నెమ్మది స్కానర్‌ది రోజుకి 288 అయినా దొరికిపోతుంది, టీ0 వేగంతో రోజుకి పడేది సరిగ్గా అంతే.

అయితే ఇంత కష్టపడి బయటి నెమ్మది స్కానర్‌ని పట్టి ఏం చేస్తారు? బ్లాక్ చేస్తారు. అతను ఇంకో అడ్రస్ నుంచి వస్తాడు, లేదా అసలు రాకుండానే మీ తెరిచిన పోర్టుల జాబితా షోడాన్‌లో చూసుకుంటాడు. తట్టే చెయ్యి ఒకటి, తాళం తీసే చెయ్యి ఇంకోటి. ఇంతకంటే ఘోరం, స్కాన్ కనబడగానే సోర్స్‌ని దానంతటదే బ్లాక్ చేసే ఏర్పాటు. సిన్ ప్యాకెట్‌లో సోర్స్ అడ్రస్‌ని ఎవడైనా ఎలాగైనా రాయవచ్చు. మీ డీఎన్‌ఎస్ సర్వర్ అడ్రస్‌తో, మీ గేట్‌వే అడ్రస్‌తో యాభై దొంగ సిన్‌లు పంపితే మీ ఫైర్‌వాల్ మీ సొంత కాళ్ళని నరికేస్తుంది. ఎన్‌మ్యాప్‌లో డికాయ్ అడ్రసులు పెట్టే సౌకర్యం ఎప్పట్నుంచో ఉంది. మూడడుగుల పలకరింపు పూర్తయిన కనెక్షన్ మీద మాత్రమే ఆటోమేటిక్ బ్లాక్ పెట్టండి, అదీ గంటో రెండు గంటలో.

బయటి స్కాన్‌కి విలువ ఒకచోట ఉంది: అది డబ్బు తీసుకోని ఆడిటర్. బయటినుంచి వచ్చిన సిన్‌కి మీ వైపు నుంచి సిన్-యాక్ పోయిన పోర్టుల జాబితా రోజూ తీయండి. దాన్ని మీరు తెరిచాం అనుకుంటున్న పోర్టులతో పోల్చండి. సర్వర్ మీద ఎస్‌ఎస్ కమాండ్‌ని టీ, యూ, ఎల్, ఎన్, పీ అక్షరాలతో నడిపితే ఏ ప్రోగ్రాం ఏ పోర్ట్ మీద వింటోందో చెబుతుంది. రెండు జాబితాలూ కలవని రోజు వస్తుంది, తరచుగా దానికి కారణం, ప్రోగ్రాంలని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్. కంటైనర్ పోర్ట్‌ని పబ్లిష్ చేస్తే డాకర్ గమ్యం మార్చే నియమాలు తానే రాసుకుంటుంది. ఆ ప్యాకెట్లు ఇన్‌పుట్ గొలుసు గుండా కాక ఫార్వర్డ్ గొలుసు గుండా పోతాయి. యూఎఫ్‌డబ్ల్యూలో 6379ని మూసేశామని మీరు నిబ్బరంగా ఉంటారు, ఆ పోర్ట్ మీద వినే డేటాబేస్ రెడిస్ మాత్రం ప్రపంచానికంతటికీ బదులిస్తూ ఉంటుంది. పబ్లిష్ చేసేటప్పుడు పోర్ట్ ముందు 127.0.0.1 రాస్తే పోయేదానికి ఎంతమంది డేటా పోగొట్టుకున్నారో.

లోపలి ఒక్కటి

ఇక అసలు విషయం. ఉద్యోగుల ల్యాప్‌టాప్, ప్రింటర్, కెమెరా, ఫైల్ సర్వర్ ఉండే లోపలి నెట్‌వర్క్‌లో ఒక యంత్రం తన ఇరుగుపొరుగుని వరసగా తట్టడానికి మంచి కారణాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ లోపలికి చేరాక చేసింది ఇదే, పక్క యంత్రాల ఫైల్ షేరింగ్ పోర్ట్ 445ని తట్టుకుంటూ పోవడం. లోపలికి దూరిన మనిషి కూడా ముందు చేసే పనుల్లో ఇదొకటి, తనెక్కడున్నాడో తనకి తెలియాలి. ఇక్కడ హోరు లేదు కనుక పట్టడం తేలిక. అయినా అలర్ట్‌లన్నీ బయటి గుమ్మం దగ్గర పెట్టి లోపల చీకటిగా వదిలేసిన చోట్లే ఎక్కువ.

స్విచ్ ఉన్న నెట్‌వర్క్‌లో పక్కవాళ్ళ సంభాషణ మీ యంత్రానికి వినబడదు, నిజమే. కానీ ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్ ఏ యంత్రానిదో వెతికే ప్రోటోకాల్) ప్రశ్నలు బ్రాడ్‌కాస్ట్. ఒకే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్ ముక్కలో) ఒక అడ్రస్‌ని తట్టాలంటే ముందు "ఈ అడ్రస్ ఎవరిది?" అని అందరికీ వినబడేలా అరవాలి. ఎన్‌మ్యాప్ లోపలి నెట్‌వర్క్‌లో యంత్రాలని వెతికేది ఏఆర్‌పీతోనే. కాబట్టి సబ్‌నెట్‌లో ఏదో ఒక మూల, ఖర్చు తక్కువ యంత్రం మీద టీసీపీడంప్‌ని ఏఆర్‌పీ ఫిల్టర్‌తో, ఎన్, ఈ ఐచ్ఛికాలతో నడిపితే చాలు. 'ఈ' ఐచ్ఛికం పెడితే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత గుర్తింపు) కూడా చూపిస్తుంది. మామూలు యంత్రం అడిగేది గేట్‌వే, డీఎన్‌ఎస్, ప్రింటర్, ఒకటో రెండో సర్వర్లు. ఒక నిమిషంలో 30కి పైగా వేర్వేరు అడ్రసులు, అందులోనూ ఎక్కువ అసలు లేని అడ్రసులు అడిగిందంటే అది వెతుకుతోంది. 254 అడ్రసుల సబ్‌నెట్‌ని జల్లెడ పట్టడానికి కొన్ని సెకన్లే పడుతుంది కనుక వరస కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇందులో ఒక తికమక: అరుస్తున్నది గేట్‌వే రౌటరే అయితే దాన్ని అనుమానించకండి. ఇంకో సబ్‌నెట్ నుంచి ఎవరో పంపిన ప్యాకెట్లని అందించడానికి అది అడుగుతోంది. స్కానర్ రౌటర్‌కి అవతల ఉన్నాడు, వెతకాల్సింది అక్కడ. వైఫైలో క్లయింట్ ఐసొలేషన్ ఉంటే, యాక్సెస్ పాయింట్ బ్రాడ్‌కాస్ట్‌ని అణిచేస్తుంటే ఈ పద్ధతి పనిచేయదు.

దీనికి జోడీగా ప్రతి సబ్‌నెట్‌లో రెండు మూడు ఖాళీ అడ్రసులని కావలివాళ్ళుగా పెట్టండి. ఏ సేవా లేని, ఎవరికీ చెప్పని, డీఎన్‌ఎస్‌లో లేని అడ్రస్. అక్కడికి వచ్చిన ఒక్క సిన్ చాలు, గీతలూ గడువులూ అక్కర్లేదు. టీ0 వేగంతో వచ్చినవాడు కూడా ఆ అడ్రస్‌ని ఎప్పుడో ఒకప్పుడు తట్టక తప్పదు. తయారుగా ఉంచాల్సిన మినహాయింపులు కొద్దే: ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్, 161 మీద ఎస్ఎన్ఎంపీతో ప్రింటర్లని వెతికే డ్రైవర్లు, పర్యవేక్షణ సర్వర్, అనుమతితో నడిచే వల్నరబిలిటీ స్కానర్. 5353, 1900 మీద మల్టీకాస్ట్ పలకరింపులు ఎవరి అడ్రస్‌కీ పంపినవి కావు, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఐపీవీ6లో లెక్క మారుతుంది. ఒక్క /64 సబ్‌నెట్‌లో 2కి 64 ఘాతం అడ్రసులు, వరసగా తట్టడం ఎవరివల్లా కాదు. స్కానర్లు డీఎన్‌ఎస్ నుంచి, సర్టిఫికెట్ లాగ్‌ల నుంచి దొరికిన అడ్రసులతో వస్తారు, లేదా చివర 1, 2, 3 ఉన్నవాటిని ఊహిస్తారు. కావలి అడ్రస్‌ని అలాంటి చోటే పెట్టాలి. సోర్స్‌ని విడి అడ్రస్‌గా లెక్కపెడితే ఒక్కడే ప్రతి ప్యాకెట్‌కీ కొత్త ముఖం పెట్టుకుని వస్తాడు, /64 చొప్పున కూడండి.

స్కాన్ చేస్తున్నది మన యంత్రమే అని తేలినప్పుడు, ముందు దాన్ని ఆపేయాలని చెయ్యి ఆత్రపడుతుంది. ఆపితే మెమరీలో ఉన్నదంతా పోతుంది. మ్యాక్ అడ్రస్‌తో స్విచ్ పట్టికలో ఏ పోర్టో వెతికి, స్విచ్‌లోని ఆ పోర్ట్‌ని విడి వీల్యాన్‌లోకి (వేరుచేసిన నెట్‌వర్క్‌లోకి) నెట్టండి, కరెంటు తీయకండి. యంత్రం మీద ఎస్‌ఎస్ కమాండ్‌తో సిన్-సెంట్ స్థితిలో ఎన్ని ఉన్నాయో చూడండి. ఆరోగ్యంగా ఉన్నదానిలో సున్నాకి దగ్గర్లో ఉంటుంది, పదుల్లో నిలకడగా ఉంటే ఏ ప్రాసెస్‌వో పక్కనే కనబడుతుంది. అక్కడ ఏమీ లేకపోతే నిర్దోషి అనుకోవద్దు. రా సిన్ స్కాన్ కెర్నెల్‌లో మామూలు సాకెట్ తెరవదు. అదే కమాండ్‌ని డబ్ల్యూ ఐచ్ఛికంతో నడిపితే రా సాకెట్లు, సున్నా ఐచ్ఛికంతో నడిపితే ప్యాకెట్ సాకెట్లు చూపిస్తుంది. డీహెచ్‌సీపీ క్లయింట్ అక్కడ కనిపించడం మామూలే, దానికి అదనంగా ఇంకెవరున్నారన్నదే ప్రశ్న. విండోస్ అయితే ఇందాక చెప్పిన 5156లో ప్రోగ్రాం పేరు. లాగ్‌లో "కనెక్షన్ ట్రాకింగ్ పట్టిక నిండింది, ప్యాకెట్ పారేస్తున్నాం" అనే కెర్నెల్ పంక్తి రౌటర్‌లో కనబడితే, లోపలినుంచి బయటికి ఏదో యంత్రం విపరీతంగా తడుతూ ఉండవచ్చు. మెమరీ చాలకనే అని వెంటనే తేల్చేయకండి.

ఆఖరుగా మినహాయింపుల సంగతి. అనుమతి ఉన్న వల్నరబిలిటీ స్కానర్‌ని "ఈ అడ్రస్ నుంచి ఏమొచ్చినా అలర్ట్ వద్దు" అని ఒక్క గీత గీసి వదిలేస్తారు. లోపలికి దూరినవాడికి అంతకంటే మంచి యంత్రం దొరకదు. అన్ని సబ్‌నెట్‌లకీ దారి ఉంటుంది, చాలాచోట్ల అన్ని సర్వర్ల పాస్‌వర్డ్‌లూ దానిలోనే ఉంటాయి, ఏం చేసినా ఎవరూ చూడరు. మినహాయింపుని సమయానికి కట్టండి, అంటే దాని వారపు స్కాన్ నడిచే గంటలకి మాత్రమే. ఆ గంటల బయట ఆ అడ్రస్ నుంచి కావలి అడ్రస్‌కి ఒక్క సిన్ వచ్చినా మిగతా ఏ యంత్రం నుంచి వచ్చినదానికంటే ముందు దాన్నే చూడాలి. ఇక ఆ గంటల్లో కావలి అడ్రస్‌కి అసలేమీ రాకపోతే అదీ వార్తే: స్కానర్ ఆ సబ్‌నెట్‌ని చూడటం మానేసింది, లేదా మీ కావలివాడు నిద్రపోయాడు.